ప్రక్క సిలువ మీదివాడు

(రేడియో ప్రసంగ పాఠము)

మీరు వంటింటిలో పని చేసికొనుచు వింటున్నా, ప్రయాణములో వింటున్నా, ఆసుపత్రి మంచము మీద ఉండి వింటున్నా, కొద్ది నిమిషములు మీ మనస్సు నాకివ్వండి. ఈ రోజు మాట్లాడబోయే విషయము తేలికైనది కాదు.

గత నెలలో ఒక సహోదరి మాకు ఉత్తరము వ్రాసింది. ఆమె పేరు గానీ ఊరు గానీ నేను చెప్పను. పొలము గట్టు తగాదాలో ఆమె భర్తను నరికి చంపారు. చంపినవాడు పరాయివాడు కాదు, ఇరుగుపొరుగువాడే. కోర్టులో యావజ్జీవ శిక్ష పడింది. ఆమె ఇలా వ్రాసింది: "అయ్యగారూ, జడ్జిగారు తీర్పు చదివినప్పుడు నేను ఏడ్చాను. నా భర్త కోసం కాదు, వాడికి ఉరి పడలేదని ఏడ్చాను. వాళ్ళమ్మ ప్రతి ఆదివారం మా గుడికే వస్తుంది. నా ముందు వరుసలో చాప మీద కూర్చుంటుంది. ఆవిడ పక్కన మోకాళ్ళూనలేక నేను ప్రభువు బల్ల తీసుకోవడం మానేశాను. వాడికి ఉరి పడాలని కోరుకోవడం పాపమా? పాపం కాదని మీరు చెప్పినా నాకు నిద్ర రాదు. పాపమని చెప్పినా రాదు."

అమ్మా, మీరు ఈ కార్యక్రమము వింటున్నారని నమ్ముచున్నాను. మీ ఉత్తరము అందిన రోజుననే జవాబు వ్రాయవలసినది. వ్రాయలేకపోయాను. ఎందుకు వ్రాయలేకపోయానో చెప్పవలెనంటే నా సంగతి ఒకటి మొదట ఒప్పుకోవాలి.

మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. 1993 మార్చి 8న అప్పటి గుంటూరు జిల్లాలో, హైదరాబాదు నుండి చిలకలూరిపేట వచ్చుచున్న ఆర్టీసీ బస్సు తగులబడింది. దోపిడీ చేయబూనిన ఇద్దరు యువకులు పెట్రోలు చల్లి నిప్పు పెట్టారని కోర్టు నిర్ధారించింది. ఇరవై ముగ్గురు చనిపోయారు. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే కాలిపోయారని ఆ రోజులలో ఊరూరా చెప్పుకొనేవారు. ఆ ఇద్దరికీ 1995లో గుంటూరు సెషన్సు కోర్టు ఉరిశిక్ష వేసింది. 1996లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచింది. రాష్ట్రపతికి పెట్టుకున్న క్షమాభిక్ష కూడా తిరస్కరించబడింది. ఉరి తీయుటకు పెట్టిన రోజు 1997 మార్చి 29, శనివారము తెల్లవారుజాము.

ఆ సంవత్సరము మార్చి 28 శుభ శుక్రవారము. మార్చి 30 ఈస్టరు. అంటే ఆ ఇద్దరి మరణము సిలువకును ఖాళీ సమాధికిని మధ్య రోజున పెట్టబడినది.

నేను అప్పుడు ఒక చిన్న పట్టణములో కాపరిని. శుభ శుక్రవారము మధ్యాహ్నము మూడు గంటల ఆరాధనలో ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురికి పంచుతారు గదా. నా వంతుకు రెండవ మాట వచ్చింది. ప్రక్కన సిలువ వేయబడిన దొంగకు ప్రభువు పరదైసును వాగ్దానము చేసిన మాట. ఉదయము దినపత్రికలో ఆ ఉరి వార్త చదివే గుడికి వెళ్ళాను. ఇరవై నిమిషములు దొంగను గూర్చి ప్రసంగించాను. చివరి గడియలో దొరికిన కృపను గూర్చి బాగుగా మాట్లాడానని కూడా అనుకొన్నాను. జైలులో రాత్రి గడుపబోవుచున్న ఆ ఇద్దరిని గూర్చి ఒక్క మాట అనలేదు, ప్రార్థనలోనైనా తలంచలేదు. కాలిపోయిన ఇరవై ముగ్గురి కుటుంబములను కూడా తలంచలేదు.

ఆరాధన ముగిసిన తరువాత ఒక ముసలమ్మ నా దగ్గరకు వచ్చింది. చదువు రాని మనిషి. "అయ్యగారూ, రేపు ఉరి తీసేవాళ్ళు ఉన్నారంట గదా, వాళ్ళు కూడా దొంగలే గదా, వాళ్ళకు ఈ మాట ఎవరైనా చెప్పారా?" అని అడిగింది. నేను "అది ప్రభుత్వం చూసుకుంటుందమ్మా" అన్నాను. ఆమె వెళ్ళిపోయింది. ఆ జవాబు తప్పు అని నాకు అప్పుడే తెలిసింది. అయినా మార్చుకోలేదు.

ఉరికి కొద్ది గంటల ముందు సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. పౌరహక్కుల కోసం పాటుబడేవారు, రచయితలు ఆ ఇద్దరి ప్రాణము కోసం పరుగులు తీశారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ గారు శిక్షను యావజ్జీవముగా మార్చారు. సంఘము ఆ పరుగులలో ఎక్కడున్నదో ఇతరుల సంగతి నేను చెప్పలేను. నేను మాత్రము గుడిలో ఉన్నాను.

అందుకే అమ్మా, మీకు పైనుండి ఉపదేశించే యోగ్యత నాకు లేదు. కలిసి వాక్యము చూద్దాము.

మొట్టమొదటి నరహత్య ఆదికాండము 4వ అధ్యాయములో ఉన్నది. కయీను తమ్ముని చంపాడు. దేవుడు దానిని చిన్న విషయముగా ఎంచలేదు. నేలలో నుండి హేబెలు రక్తము మొరపెట్టుచున్నదని చెప్పాడు. శిక్ష విధించాడు, నేల ఫలించకుండ చేశాడు, దేశదిమ్మరిని చేశాడు. అయితే కయీనును ఎవరూ చంపకుండునట్లు వాని మీద ఒక గురుతు వేశాడు. రక్తపు మొర వినిన దేవుడే హంతకుని ప్రాణమునకు కాపు పెట్టాడు. ఈ రెండును ఒకే అధ్యాయములో ఉన్నవి. అమ్మా, మీరు మొదటిదానిని మాత్రమే పట్టుకొని దేవుని యెదుట ఏడ్చితే ఆయన మిమ్మును తప్పు పట్టడు. హేబెలు పక్షముగా మొదట నిలిచినది ఆయనే.

ఆదికాండము 9వ అధ్యాయమునకు వచ్చేసరికి, నరుడు దేవుని స్వరూపమందు చేయబడ్డాడు గనుక నరుని రక్తము చిందించువాని రక్తము నరుని వలననే చిందింపబడునని నోవహుతో దేవుడు సెలవిచ్చాడు. ఉరిశిక్షను సమర్థించే విశ్వాసులు ఈ వాక్యము మీదనే నిలబడతారు. వారిని కఠినాత్ములని నేను అనను. ప్రాణమునకు ఉన్న వెల ఇంత అని ఆ వాక్యము చెప్పుచున్నది. చంపబడినవాడు పేదవాడైనా, కూలివాడైనా వెల తగ్గదు. సంఖ్యాకాండము 35వ అధ్యాయములో హంతకుని ప్రాణమునకు బదులుగా డబ్బు పుచ్చుకోకూడదని ఖండితముగా ఉన్నది. మన ఊళ్ళలో పెద్దమనుష్యులు కూర్చుండి "పోయినవాడు ఎలాగూ పోయాడు, ఇంత పుచ్చుకొని కేసు మాఫీ చేసుకోండి" అంటారే, అది ధర్మశాస్త్రమునకు అసహ్యము. క్షమాపణ పేరు చెప్పి విధవరాలి నోరు మూయించే సంఘ పెద్దలు కూడా ఈ వాక్యమును చదువవలెను.

అదే ధర్మశాస్త్రము ఇంకొకటి చేసింది. చంపుటను కష్టతరము చేసింది. ఒక్క సాక్షి మాట మీద ఎవనినీ చంపకూడదు. ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయము ప్రకారము సాక్ష్యము చెప్పినవాడే మొదటి రాయి వేయాలి. 19వ అధ్యాయము ప్రకారము అబద్ధ సాక్షి తాను ఎదుటివానికి చేయ తలంచిన శిక్షనే తాను పొందాలి. మన కోర్టులలో ఈ నియమమును అమలు చేస్తే సాక్షుల బోను దగ్గర ఎందరు మిగులుతారో మీరే ఆలోచించండి.

ఇంత కట్టుదిట్టము చేసినను ఏమి జరిగింది? 1 రాజులు 21వ అధ్యాయములో నాబోతును చట్టప్రకారమే చంపారు. ఉపవాస దినము చాటించారు, పెద్దలను కూర్చుండబెట్టారు, ఇద్దరు సాక్షులను నిలువబెట్టారు. అన్నీ పద్ధతి ప్రకారమే. కావలసినది ద్రాక్షతోట.

ఇప్పుడు కల్వరి దగ్గరకు వద్దాము. ఆ రోజు మూడు సిలువలున్నవి. మూడును ఒకే ప్రభుత్వము, ఒకే అధికారి ఆజ్ఞ మీద, ఒకే సైనికుల చేత నిలబెట్టించినది. ప్రక్క సిలువ మీదివాడు తనకును తన తోటివానికిని పడిన శిక్ష న్యాయమైనదేయని తన నోటితో ఒప్పుకొన్నాడు. నేను ఎన్నో సంవత్సరములు ఈ మాట మీదుగా దాటిపోయాను. యేసు ప్రభువు అతనితో "నీ శిక్ష అన్యాయము" అనలేదు. అతనిని దింపలేదు. కనుక ఉరిశిక్ష కూడదనే మనము ఈ భాగమును తొందరపడి మన పక్షమున లాగుకొనరాదు.

కానీ మధ్య సిలువ మాటేమిటి? అదే కోర్టు, అదే ఉదయము, నిర్దోషిని చంపింది. ఆయన యందు నేరమేమియు కనబడలేదని చెప్పిన నోటితోనే పిలాతు అప్పగించాడు. నరహత్య చేసిన బరబ్బాను అదే దినమున విడిచిపెట్టారు. ఖడ్గము ఎవరి చేతిలో ఉన్నదో వారి కన్ను ఎంత మసకగా ఉండునో చూపుటకు ఇంతకంటె వేరే సాక్ష్యము నాకు అక్కరలేదు. రోమా పత్రిక 13వ అధ్యాయములో అధికారి ఖడ్గమును ఊరకయే ధరింపడని పౌలు వ్రాశాడు. అధికారి శిక్షించే హక్కును నేను కాదనను. పోలీసులు, కోర్టులు, జైళ్ళు లేకపోతే బలవంతుడే రాజు. అయితే ఆ రోమా ఖడ్గమునకే పౌలు తల ఒగ్గాడని సంఘ పారంపర్యము చెప్పుచున్నది. అధికారము దేవుడిచ్చినది, అధికారి మాత్రము పొరపాటుపడు మనుష్యుడు.

ఇది పాతకాలపు సంగతి అనుకోవద్దు. మన దేశములో 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్షను అరుదైనవాటిలోకెల్లా అరుదైన నేరములకే పరిమితము చేసింది. వేరే మార్గము నిశ్చయముగా మూసుకుపోయినప్పుడే వేయాలన్నది. మంచి నియమమే. అయినను మహారాష్ట్రకు చెందిన ఒక కేసులో 2009లో ఆరుగురికి అదే సుప్రీంకోర్టు ఉరి ఖాయము చేసింది. సంచార జాతుల పేదలు వారు. 2019 మార్చిలో, పది సంవత్సరముల తరువాత, అదే న్యాయస్థానము ఆ ఆరుగురును నిర్దోషులని విడుదల చేసింది. ఈ పదేళ్ళలో ఏదో ఒక శనివారము తెల్లవారుజామున వారిని తీసికొనిపోయి ఉంటే, తీర్పు మార్చుకొనుటకు ఎవరు మిగిలి ఉండేవారు?

మరి తీర్పే లేకుండా చంపినప్పుడు మనమేమి చేశాము? 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిని అతి క్రూరముగా చంపారు. ఆ బిడ్డ తలిదండ్రుల కడుపుకోతకు మాటలు లేవు. డిసెంబరు 6న నలుగురు నిందితులు చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పులలో చనిపోయారు. జనము పోలీసుల మీద పూలు చల్లారు. మన సహోదరులలో కొందరు ఆ వారము దేవునికి స్తోత్రము చెప్పారు. నేను విన్నాను. 2022లో సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికి వచ్చింది. చంపే ఉద్దేశముతోనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని అందులో ఉన్నది. వారు నేరము చేశారో లేదో ఏ కోర్టూ విచారించనే లేదు. మనము స్తోత్రము చెప్పినది దేనికి?

సంఘములన్నీ ఈ విషయములో ఒకటిగా లేవని మీరు అడుగవచ్చును. నిజమే, మన తెలుగు సంఘములలోనే మూడు త్రోవలున్నవి. లూథరన్ సంఘముల వారు ఒప్పుకొను 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణము, అధికారులు ఖడ్గముతో శిక్షించుట ధర్మమేయని చెప్పుచున్నది. మహబూబ్‌నగర్ ప్రాంతములో ఉన్న మెన్నోనైట్ బ్రదరెన్ వారి పూర్వికులు, క్రైస్తవుడు ఖడ్గము పట్టరాదని యూరపులో ప్రాణములు పోగొట్టుకొన్నారు. కథోలిక సంఘము శతాబ్దముల పాటు ఉరిశిక్షను ఒప్పుకొని, 2018లో తన సత్యోపదేశ గ్రంథమును సవరించి అది ఇక అంగీకరించదగినది కాదన్నది. ఎవరి సంఘములో వారు వాక్యము పట్టుకొనియే మాట్లాడుచున్నారు. నేను ఏ ఒక్కరినీ నిందించను.

నన్ను కదిలించినది హిప్పో బిషప్పు అగస్టీను. ప్రభుత్వమునకు ఖడ్గాధికారము ఉన్నదని ఒప్పుకొన్నవాడు ఆయన. సుమారు 412లో ఆయన ప్రాంతములోని ఒక క్రైస్తవ గురువును విరోధవర్గము వారు చంపారు. ఇంకొక గురువు కన్ను పెరికివేశారు. నేరస్థులు ఒప్పుకొన్నారు. అప్పుడు అగస్టీను న్యాయాధికారికి ఉత్తరము వ్రాశాడు. శిక్షించవద్దని కాదు. వారు చేసినదే వారికి చేయవద్దని, వారిని బ్రదుకనిచ్చి ఏదైనా ఉపయోగకరమైన పనిలో పెట్టుమని బ్రతిమాలాడు. చచ్చినది తన మనిషే. అధికారము ఉన్నదని నమ్మినవాడే. అయినను సంఘము పక్షముగా అడిగినది ప్రాణమునే.

మన కాలములో ఆ మాట అడుగుటకు అర్హురాలైన స్త్రీ ఒకరున్నారు. 1999 జనవరి 22 రాత్రి తెల్లవారితే 23, ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహమ్ స్టెయిన్స్ గారిని, పదేండ్ల ఫిలిప్‌ను, ఆరేండ్ల తిమోతిని వారు నిద్రించుచున్న వాహనములోనే తగులబెట్టారు. ఆయన బారిపదలో కుష్ఠురోగుల మధ్య ముప్పది సంవత్సరములకు పైగా పనిచేసినవాడు. భార్య గ్లాడిస్ గారు, కుమార్తె ఎస్తేరు మిగిలారు. ఆమె తాను క్షమించానని చెప్పారు. చట్టము చేయవలసిన పని వేరు, తాను క్షమించుట వేరు అని కూడా ఆమె స్పష్టముగా చెప్పేవారు. ఈ రెండవ మాటను మనము ప్రసంగములలో వదలివేస్తాము. క్షమించుట అనగా కేసు ఎత్తివేయుట కాదు. 2003లో ఖుర్దా కోర్టు ప్రధాన దోషికి ఉరి వేసింది. 2005లో ఒడిశా హైకోర్టు దానిని యావజ్జీవముగా మార్చింది. ఉరి కావాలని సీబీఐ అడిగినను 2011 జనవరిలో సుప్రీంకోర్టు యావజ్జీవమునే నిలిపింది. ఉరి పడిన వార్త విన్నప్పుడు నా మనస్సులో ఒక మూల "తగిన శాస్తి" అనిపించింది. నాకు వారు బంధువులు కారు. నా బిడ్డలు కాలలేదు. కాలినవారి తల్లి కుష్ఠురోగుల పుండ్లు కట్టుట మానకుండ అక్కడే ఉండిపోయింది, ఇంకా ఐదేండ్లు.

ఇప్పుడు అమ్మా, మీ ప్రశ్న. ఉరి పడాలని కోరుట పాపమా? మీ కోరికలో రెండు పోగులున్నవని నాకు తోచుచున్నది. ఒకటి, "నా భర్త ప్రాణము ఇంత చవకా?" అనేది. అది పాపము కాదు. దానిని చంపుకొనవద్దు. యావజ్జీవము అంటే పదునాలుగేండ్లు అని మన ఊళ్ళలో అంటారు. చట్టములో అలాగు లేదు. యావజ్జీవమనగా జీవితాంతమే. పదునాలుగేండ్లు అనేది, ఇటువంటి నేరములలో ప్రభుత్వము విడుదల సంగతి తలపెట్టుటకు ముందు గడువవలసిన కనీస కాలము మాత్రమే. ఆ విడుదల సంగతి వచ్చినప్పుడు మీ అభ్యంతరము వ్రాసి ఇవ్వండి. దానివలన మీ విశ్వాసమునకు లోటేమియు రాదు. మీ సంఘ పెద్దలు మీతో కూడ కలెక్టరు ఆఫీసుకు రావలెను. రాకపోతే అది వారి పాపము.

రెండవ పోగు, వాడు చావడము చూస్తే నాకు నిద్ర వస్తుంది అనేది. అమ్మా, అది రాదు. రోమా పత్రిక 12వ అధ్యాయములో పగ తీర్చుట తన పని అని దేవుడు చెప్పినది, మన కోపము తప్పు అని చెప్పుటకు మాత్రమే కాదు. ఆ బరువు మన నడుము మోయలేదని ఆయనకు తెలుసు. మీరు ఇప్పుడే క్షమించమని నేను చెప్పను. బలవంతపు క్షమాపణ కాలిన చర్మము మీద కట్టిన గట్టి గుడ్డ వంటిది. ఊడదీసేటప్పుడు తోలుతో సహా వస్తుంది.

ముందు వరుసలో చాప మీద కూర్చున్న ఆ తల్లిని గూర్చి ఒక్క మాట. ఆమె ఎవరినీ నరకలేదు. కొడుకు తండ్రి పాపము మోయడని, తండ్రి కొడుకు పాపము మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయములో ఉన్నది. ఆమె కొడుకు బ్రదికి ఉన్నందుకు ఆమె సిగ్గుపడుచు కూర్చుంటుంది. మీ భర్త లేనందుకు మీరు మండుచు కూర్చుంటారు. మీ ఇద్దరి మధ్య ఒక చాప ఎడము ఉన్నది. ఆమెతో మాటాడమని నేను అడుగను. ప్రభువు బల్లకు మాత్రము తిరిగి రండి. ఆమె ఒక చివర మోకరిస్తే మీరు ఇంకొక చివర మోకరించండి. రొట్టె ఇచ్చే కాపరి నడుచుకొంటూ మీ ఇద్దరి దగ్గరకు వస్తాడు. ఈ వారమునకు అంతే చాలు.

మన దేశపు జైళ్ళలో ఉరిశిక్ష పడి ఎదురుచూచువారు ఐదు వందలకు పైగా ఉన్నారని ఇటీవలి లెక్కలు చెప్పుచున్నవి. వారిలో ఎక్కువమంది పేదలే. వచ్చే శుభ శుక్రవారము మీ గుడిలో రెండవ మాట ఎవరి వంతుకు వస్తుందో వారికి నా విన్నపము ఒకటి. వారిని గూర్చియు, వారి చేత చంపబడినవారి ఇండ్లను గూర్చియు రెండు నిమిషములు ప్రార్థించండి. నేను చేయని పని అది. నన్ను అడిగిన ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు.

ప్రార్థించుకొందము.

పరలోకమందున్న మా తండ్రీ, ఈ ఉత్తరము వ్రాసిన నీ కుమార్తెను జ్ఞాపకము చేసికొనుము. రాత్రివేళ ఆమెకు నిద్ర దయచేయుము. ఆమె పిల్లల చదువులకు దారి చూపుము. ఆ ఊరి గుడిలో ముందు వరుసలో కూర్చున్న తల్లిని జ్ఞాపకము చేసికొనుము. జైలులో ఉన్న ఆమె కుమారునికి తాను చేసినదానిని చూచుకొనే కన్నులిమ్ము. చిలకలూరిపేట బస్సులో తమవారిని పోగొట్టుకొన్న ఇండ్లను, ఇన్ని ఏండ్ల తరువాత కూడ మార్చి నెల వచ్చినప్పుడు, ఆదరించుము. తీర్పు వ్రాసే న్యాయమూర్తుల చేతులను, తాడు పట్టుకొనవలసిన జైలు ఉద్యోగుల చేతులను నీవు ఎరుగుదువు. ప్రక్క సిలువ మీదివాని మనవి వినిన యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.